పేలని ఫిరంగులు

ఈ ఉదయం సూర్యుడు పొడిచేలోపే శత్రువు గుండ్లన్నీ కొండ మీది కొయ్య ఫిరంగుల మీద పడ్డాయి. వాగు పక్కన దాచిన అసలు ఫిరంగులకు ఒక్క గీత కూడా పడలేదు.

దుంగలను చెక్కి, మసి పూసి ఆ ఫిరంగులను తయారుచేసిన వడ్రంగి దగ్గరికి దళపతి స్వయంగా వచ్చాడు.

“భలేవాడివయ్యా! చక్రాలకు బురద కూడా పూశావు. వాళ్లు నమ్మక చస్తారా!”

“మరి అక్కడి కాపలావాళ్లండీ?”

“ఒక్కడూ మిగల్లేదు. పక్కన మనుషులు తిరగకపోతే ఎవడు నమ్ముతాడు?”

దళపతి వెళ్లిన కాసేపటికి వడ్రంగి చెల్లెలు నవ్వుతూ పాకలోకి వచ్చింది.

“పొద్దున ఆ మోతకు గుండె జారిపోయింది అన్నయ్యా. నీ పుణ్యమా అని ఆయన అసలు ఫిరంగుల దగ్గర లేడు. ‘నీ మొగుణ్ణి పేలని ఫిరంగుల దగ్గర వేయించాను, గుర్రుపెట్టి పడుకుంటాడు పో’ అన్నావుగా. ఇంకా నిద్ర లేవలేదా మహానుభావుడు?”

వడ్రంగి ఉలి కింద పెట్టాడు.

బయట బండిలోంచి కొత్త దుంగలు దించుతున్నారు. సాయంత్రానికల్లా మరో వరుస ఫిరంగులు కొండ ఎక్కాలి. వాటి పక్కన తిరగాల్సినవాళ్లను మధ్యాహ్నం ఎంపిక చేస్తారు.