తెల్ల హోటల్లో మా హీరో

"'వాడెవడో నాకు తెలీదు' అన్నాడర్రా మన హీరో! కెమెరా ముందు ఒక్కనాడైనా ఇంత బాగా నటించాడా?"

ఒబదయా ట్రక్కులో అందరినీ నవ్విస్తున్నాడు. మా నల్లవాళ్ల కౌబాయ్ సినిమాల్లో నేను హీరోని, అతను హాస్యగాడు. కాలిఫోర్నియా ఎడారిలోని ఈ ఊళ్లో ఉన్న ఒక్క హోటలూ తెల్లవాళ్లకే. నేనూ నల్లవాణ్నే అయినా నా ఒంటి రంగు తెలుపు, వాళ్లలో కలిసిపోతాను కనక రోజూ నేనే వెళ్లి అందరికీ తిండి కొనుక్కొస్తాను. ఇవాళ మోతకు సాయంగా ఒబదయా తలుపు దాకా వచ్చాడు. "వాడు నీ మనిషా?" అని హోటలామె అడిగింది.

"నిజం చెప్పుంటే ఈ పూట పస్తే. తినండర్రా," అన్నాడు ఒబదయా.

అందరూ తింటున్నారు. నేను నా పొట్లం విప్పలేదు. అతన్ని పక్కకు పిలిచాను.

"అన్నా, ఆవిడ అడిగేసరికే డబ్బిచ్చేశాను. పొట్లాలు నా చేతిలోనే ఉన్నాయి. మాట్లాడకుండా వచ్చేసినా సరిపోయేది. అయినా తెలీదన్నాను."

ఒబదయా చేతిలోని కోడికాలు తిరిగి పొట్లంలో పెట్టాడు.

"తలుపు దగ్గరే ఉన్నానుగా. చూశాన్రా."

"మరి వాళ్లకలా ఎందుకు చెప్పావు?"

"వాళ్లకున్న హీరో నువ్వొక్కడివి," అన్నాడు, నా వైపు చూడకుండా. "నిన్నూ పోగొట్టుకోమంటావా?"