తొంభై ఒకటి

నిచ్చెన కింద పడిన చప్పుడు సద్దుమణిగాక మార్నీకి గాలి హోరు ఒక్కటే మిగిలింది.

ఆమె చర్చి గంట గోపురంలో ఉంది, నేలకు ఇరవై అడుగుల ఎత్తున. విరిగిన చెక్క పట్టీ సందులోంచి చూస్తే కింద సమాధులు, అవతల పాడుపడ్డ ఒంటిగది బడి, రెండూ ఒకే ఫ్రేములో పడతాయని ఎక్కింది. పై మెట్టు మీంచి కాలు తీయగానే నిచ్చెన పక్కకు జారింది. గంట తాడు పట్టుకుని దిగుదామని కొంచెం బరువు వేసి చూసింది. ఎలుకలు కొరికిన తాడు పుటుక్కున తెగి, వెళ్ళి నిచ్చెన పక్కన పడింది.

ఫోను కారులో ఉంది. కారు చర్చి వెనక, చెట్ల చాటున ఉంది. బొమ్మలో పడకూడదని ఎప్పుడూ అలాగే దాచిపెడుతుంది. డకోటా మైదానంలో మనుషులు వదిలేసిన చర్చిలు, బళ్ళు, శ్మశానాలు ఫొటోలు తీయడం ఇరవై ఏళ్ళుగా ఆమె పని. ఎవరైనా ఫ్రేములోకి వస్తే, వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఓపిగ్గా ఆగుతుంది.

నవంబరు నెల. రాత్రికి మంచు తుపాను వస్తుందని పొద్దుటినుంచీ రేడియోలో చెబుతున్నారు. పల్చటి కోటుతో తెల్లారేదాకా ఇక్కడుంటే బతకదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అరిచింది. అరుపును గాలి పొలాల మీదికి ఈడ్చుకుపోయింది.

గంట నాలుకను రెండు చేతులా పట్టుకుని కొట్టింది. బరువైన ఇనుము. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. చెవులు గింగురుమన్నాయి. చేతులు పడిపోయేదాకా కొట్టింది.

అప్పటికే దూరాన రోడ్డు మీద ఒక పికప్ ట్రక్కు ఆగి ఉంది. మార్నీ సందులోంచి పొడుగు లెన్సు పెట్టి చూసింది. దాని పక్కన ఎర్ర గళ్ళ కోటు వేసుకున్న ముసలాయన. టోపీ తీసి కదలకుండా నిలబడి ఉన్నాడు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఇంకో దెబ్బ వినబడకపోయేసరికి టోపీ పెట్టుకుని, ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

"ఇటు! ఇటు చూడవయ్యా, మొద్దు ముసలాడా!"

అప్పుడు గుర్తొచ్చాయి, మధ్యాహ్నం చర్చి తాళం ఇస్తూ బోర్గిల్డ్ అవ్వ అన్న మాటలు.

అవ్వ వంటింటి కుర్చీలోంచి లేవలేదు. ఎడమ మోచెయ్యి రుద్దుకుంటూ మాట్లాడింది.

"కాఫీ తాగితేగానీ తాళం ఇవ్వను. అయినా ఏముందమ్మాయ్ ఆ చర్చిలో, పావురాల రెట్ట తప్ప?"

"గంట ఉందిగా అవ్వా."

"ఆఁ, గంట. ఎవరైనా పోతే, ఎన్నేళ్ళు బతికితే అన్ని దెబ్బలు కొడతాం. విన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడి లెక్కపెట్టుకుంటారు. చర్చికి ఎవరూ రారు. ఏదో ఒకటి వండి పట్టుకుని, పోయినవాళ్ళ ఇంటికే తిన్నగా వెళ్ళి, కిటికీ తెరలు దించుతారు. గంట కొట్టిందెవరని కూడా అడగరు. మర్యాద కాదు."

"మీకెన్నేళ్ళు?"

"తొంభై ఒకటి. ఈ చుట్టుపక్కల నా ఈడుది నేనొక్కదాన్నే. నలభై ఏళ్ళు అందరికీ నేనే కొట్టాను. నాకు ఐవర్ కొడతాడట! ఎర్ర గళ్ళ కోటు వేసుకుని తిరుగుతాడే, వాడు. వాడి భుజం ఎప్పుడో పోయింది. అరవైకే ఆయాసపడి ఆపేస్తాడు. నన్ను ముప్ఫై ఏళ్ళు చిన్నదాన్ని చేసి పాతిపెడతారు."

నవ్వింది. నవ్వు మధ్యలో ఊపిరి అందక ఆగింది.

"కాస్త నడుం వాలుస్తాను. వచ్చేసరికి నేను పలక్కపోతే, తాళం చాప కింద పెట్టి పో."

అంటే ఆ ఎర్ర కోటు ఐవరే, దెబ్బలు లెక్కపెట్టుకుని పోయాడన్నమాట. తను ఎన్ని కొట్టిందో తనకే తెలీదు. యాభయ్యో, అరవయ్యో. ఊరు విడిచి పట్నాలు చేరినవాళ్ళలో ఆ వయసువాళ్ళు బోలెడు మంది. ఎవరి కబురు వస్తుందా అని అందరూ ఫోన్ల దగ్గర కూర్చుంటారు. ఇటు మాత్రం ఎవరూ రారు.

తొంభై ఒకటి కొడితే?

అంతా బోర్గిల్డ్ ఇంటికి పరుగెత్తుతారు. ఆవిడ తలుపు తీసి, నేను చావలేదర్రా అని తిట్టిపోస్తుంది. తాళం ఎవరికిచ్చిందో చెబుతుంది.

బతికున్న మనిషికి చావు గంట. సిగ్గుపడాలి. సిగ్గు రాలేదు. లోపల ఎక్కడో అంత చల్లటి చోటు ఒకటుందని మార్నీకి చాలాకాలంగా తెలుసు. ఆమె ఫొటోలన్నీ అక్కడినుంచే వచ్చాయి.

మొదలుపెట్టింది. లెక్క తప్పకూడదు. దెబ్బకొక సమాధిరాయి చొప్పున, కింద వరసలు చూస్తూ కొట్టింది. నలభై దగ్గర అరచేతులు చిట్లాయి. డెబ్భై దగ్గర ఏడుపొచ్చింది. తొంభై. తొంభై ఒకటి. తొంభై రెండో రాయి మీద చూపు నిలిపి, ఊగుతున్న నాలుకను గట్టిగా పట్టుకుని ఆపింది.

లెన్సు ఎత్తింది. అర మైలు అవతల బోర్గిల్డ్ ఇల్లు. ముందు ఎర్ర కోటు ట్రక్కు వచ్చింది. దాని వెనక ఇంకొకటి. కాసేపటికి గుడ్డ కప్పిన గిన్నెలతో ఇద్దరు ఆడవాళ్ళు. తలుపు తట్టారు. ఆగారు. తోసుకుని లోపలికి వెళ్ళారు.

ఇరవై ఏళ్ళలో మొదటిసారి, ఫ్రేము నిండా మనుషులు. మార్నీకి నవ్వొచ్చింది.

"తిట్టు అవ్వా, గట్టిగా తిట్టు. తిట్టి, ఇటు పంపు."

పొద్దు బడి కప్పు మీదికి వాలింది. మొదటి మంచు రేణువు వచ్చి లెన్సు మీద పడింది. చేతి రుమాలుతో తుడిచి మళ్ళీ చూసింది.

లోపల ఎవరో కిటికీ తెరలు ఒక్కొక్కటే దించేశాక, ఐవర్ ఒక్కడే వసారా మెట్ల మీదికి వచ్చి, చర్చి వైపు తిరిగి, టోపీ తీసి, లెక్క తప్పకుండా గంట కొట్టిన మనిషికి కృతజ్ఞతగా తల వంచాడు.