నోరారా పిలిచే పేరు

మనవరాలికి తన పేరు పెట్టకపోతే బారసాల పీటల దగ్గరికి కూడా రానని వరహాలమ్మ తెగేసి చెప్పింది.

చెప్పి, రాయ్‌పూర్ మోవా పేటలోని ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కాఫీ తాగనంది. తాగమని ఎవరూ బతిమాలకపోయేసరికి తనే లోపలికెళ్ళి కలుపుకుని తాగి, మళ్ళీ వచ్చి అలక మొదలుపెట్టింది.

ఆవిడ బాధ ఆవిడది. బొబ్బిలి దగ్గర వాళ్ళ ఊళ్ళో 'వరహాలూ' అని కేకేస్తే వీధిలో సగం గుమ్మాలు పలికేవి. సింహాచలం అప్పన్నకి మొక్కుకుని కన్న పిల్లలకి ఆ వరాహస్వామి పేరే పెట్టేవారు. మగపిల్లాడైతే వరహాలరావు, ఆడపిల్లయితే వరహాలమ్మ. రైల్వేలో పనిచేసే రామమూర్తిని చేసుకుని రాయ్‌పూర్ వచ్చిన కొత్తలో కాలనీలోనూ ముగ్గురు వరహాలమ్మలు ఉండేవారు. ఒకావిడ పోయింది. ఇంకొకావిడ కొడుకు దగ్గరికి బిలాస్‌పూర్ వెళ్ళి వర్షా ఆంటీ అయిపోయింది. మిగిలింది తనే.

కూతురు నళిని పెడుతుందేమోనని ఆశపడింది. నళిని తన పిల్లకి కియాన్షీ అని పెట్టుకుంది.

"దానికి అర్థమేటే?"

"దేవుడిచ్చిన కానుకటమ్మా. నెట్‌లో ఉంది."

పక్కింటి వీరేంద్ర కూతురు మైరా. దాని అర్థం అడిగినా దేవుడిచ్చిన కానుకే. ఇన్ని కానుకలిచ్చిన దేవుడు, నాలుక తిరిగే పేరు ఒక్కటీ ఇవ్వలేదేమిటా అని వరహాలమ్మ ఆశ్చర్యం.

ఇక ఆశంతా కొడుకు పృథ్వీ కూతురి మీదే. పిల్లకి మూడో నెల రాగానే కోడలు పుట్టింటి నుంచి వచ్చింది. ఆమె ఒళ్ళో ఉన్న ఆ పిల్లకి ఇంకా పేరు లేదు.

"అమ్మా, ఇక్కడ హిందీ పిల్లలు దాన్ని బతకనివ్వరు," అన్నాడు పృథ్వీ. "వరాహ్ అంటే వీళ్ళకి అడవిపందే. స్కూల్లో ఏడిపించుకు తింటారు."

"అవతారంరా అది! భూమిని కోర మీద ఎత్తిన సామి. నీ పేరుకి అర్థమేటి? భూమే గదా. తొమ్మిది నెలలు నిన్ను మోసిందెవర్రా?"

పృథ్వీ తండ్రి వైపు చూశాడు.

"ఒక్క వరహాలమ్మతోనే ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాను. రెండోది దేనికే?" అన్నాడు పేపరు వెనక నుంచి రామమూర్తి. పేపరు మాత్రం దించలేదు.

అప్పుడు ఎవరూ అనుకోని చోటి నుంచి సాయం వచ్చింది.

"అత్తయ్యగారి పేరే పెడదామండీ," అంది కోడలు ఫణిశ్రీ.

అందరూ అటు తిరిగారు. ఫణిశ్రీ ఇంజనీరింగ్ చదివిన పిల్ల. కాపురానికొచ్చి నాలుగేళ్ళయినా 'అలాగే అత్తయ్యా' తప్ప ఆ నోట రెండో మాట ఎరగరు. చారులో ఉప్పు తగ్గినా, ముగ్గు వంకరపోయినా "మీయమ్మ నీకిదేనేటి నేర్పింది?" అని వరహాలమ్మ అడుగుతుంది. ఆవిడకేం కోపముండి కాదు. కోడలికి పని నేర్పాలంటే అలాగే అడగాలని వాళ్ళత్తగారు ఆవిడకి నేర్పింది. ఫణిశ్రీ కూడా బుద్ధిగా "అలాగే అత్తయ్యా" అంటుంది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు పృథ్వీ.

"మీరే చూడండి. మావయ్యగారు 'ఇదిగో' అంటారు. మీరు 'అమ్మా' అంటారు. వీధిలో వాళ్ళకి ఆంటీజీ. అంత మంచి పేరుతో ఈ ఇంట్లో నోరు తెరిచి పిలిచేవాళ్ళే లేరు."

వరహాలమ్మ కళ్ళు చెమర్చాయి. నిజమే. ఆ పేరుతో తనని ఆఖరిసారి పిలిచింది కన్నతల్లి. ఆవిడా పోయి ఎన్నాళ్ళో అయింది.

అయినా ఆచారం ఆచారమే.

"గానీ అత్త పేరు కోడలి నోట రాకూడదు గదమ్మా. రేపు గుంట అల్లరి చేస్తే తిట్టాలి గదా, ఎలగ తిడతావు? మా వైపు అందుకే పెద్దోళ్ళ పేరు పెట్టినా బుజ్జనో పండనో పిలుస్తారు. నువ్వూ ఓ ముద్దుపేరు చూసుకో."

"ముద్దుపేరు పెడితే అసలు పేరు మూలపడిపోతుంది అత్తయ్యా," ఫణిశ్రీ తల వంచుకునే అంది. "పిలిస్తే ఆ పేరే నోరారా పిలుస్తాను. మీరు తప్పు పట్టనంటేనే."

వరహాలమ్మ కరిగి నీరైపోయింది. ఆ సాయంత్రమే పండరీ బట్టల బజారుకి వెళ్ళి కోడలికి పట్టుచీర కొనుక్కొచ్చింది.

బారసాల ఘనంగా జరిగింది. పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పృథ్వీ ఆ పేరు రాస్తుంటే వరహాలమ్మ లేచి నిలబడి, అందరూ వినేలా చెప్పింది.

"నా కోడలు గుంటని నా పేరెట్టి పిలిచినా, కసిరినా, తిట్టినా నాకేటీ పట్టింపు లేదు. అప్పన్న సామి మీద ఆన!"

"ఐసీ బహూ కహాఁ మిల్తీ హై, ఆంటీజీ!" అంటూ వీరేంద్ర భార్య ముక్కున వేలేసుకుంది. ఇలాంటి కోడలు ఎక్కడ దొరుకుతుందని వరహాలమ్మ కూడా అందరి దగ్గరా అదే అంది.

మర్నాడు, కోడలు అలిసిపోయి ఉంటుందని వంటంతా వరహాలమ్మే చేసింది. పప్పు దించి, మనవరాల్ని ఒళ్ళో వేసుకుని వరండాలో కూర్చుంది. పిల్ల జోకొట్టకుండానే నిద్రపోయింది. కోడలి నోట ఆ పేరు మొదటిసారి ఎప్పుడు వింటానా అని వరహాలమ్మ చెవులు రిక్కించి కూర్చుంది.

ఎంతోసేపు ఆగక్కర్లేకపోయింది. వంటింట్లో పప్పుగిన్నె మూత తీసిన చప్పుడైంది. ఆ వెనకే, నాలుగేళ్ళలో ఎన్నడూ లేనంత గట్టిగా, ఫణిశ్రీ గొంతు వీధి చివరిదాకా వినిపించింది:

"ఒసే వరహాలమ్మా, పప్పులో ఇంత ఉప్పు పోశావేమే, మీయమ్మ నీకిదేనా నేర్పింది?"