ముంచని చెయ్యి

మేస్త్రి చెంచురామయ్య చూసీ చూడనట్టు ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదని ఏసోబు ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటాడు.

నరసరావుపేట కూలీల అడ్డాలో నీలం నీళ్ల తొట్టి ఉంది. పొద్దుగూకేవేళ కూలీలందరూ అందులో చేతులు ముంచాలి. ఆ రోజు నేర్చిన పని వేళ్లను వదిలి, పల్చటి వెలుగై తేలిపోతుంది. తెల్లారితే చేతులు మళ్లీ కొత్తవి, ఏ పనికి పంపినా పోతాయి. అలాంటి చేతులకే సర్కారు సగం కూలి కడుతుంది, మిగతా సగం మేస్త్రి ఇస్తాడు.

ఒకనాడు ఏసోబు కట్టిన గోడ దారం పట్టినట్టు లేచింది. ఆ ముచ్చట వదులుకోలేక ఎడమ చెయ్యి ముంచలేదు. మర్నాడు యార్డులో మిరప బస్తాలు మొయ్యమంటే, ఆ చెయ్యి వాటిని ఇటుకల్లా, అతుకు మీద అతుకు రాకుండా పేర్చేసింది.

"ఏందిరా, బస్తాలా, బంగళానా? నిన్న చెయ్యి ముంచలేదా?" అన్నాడు చెంచురామయ్య అందరూ వినేలా.

"ఒక్క ఎడం చెయ్యే మేస్త్రీ. గోడ బాగా కుదిరింది, పోనియ్యబుద్ధి కాలా."

"పనొచ్చినోడికి సర్కారు ఇయ్యదు. మొత్తం నేనియ్యలేను. ఇప్పుడైనా పోయి ముంచు, లేదంటే రేపట్నుంచి రాబాక."

ఏసోబు తొట్టి దాకా పోయాడు. అందులో ఎవరివో నాట్లు, ఎవరివో వడ్రంగాలు మెరుస్తూ తిరుగుతున్నాయి. ఎడమ చేతిని ముంచకుండా చంకలో దాచుకుని ఇంటిదారి పట్టాడు. చంకలో అది ఇంకా ఇటుకలు పేరుస్తున్నట్టే కదులుతోంది.

ఏసోబుకు పోయిన కూలి రోజుకు తొమ్మిది వందల రూపాయలు.