సోమవారం నవ్వు

అద్దం ముందు నిలబడి దత్తసాయి నవ్వాడు. సరిగ్గా రాలేదు. మళ్ళీ నవ్వాడు.

"ఏవిట్రా, పన్ను గానీ సలుపుతోందా?" అంది వంటింట్లోంచి వాళ్ళమ్మ ఉమాదేవి.

"నవ్వుతున్నానమ్మా."

"ఓహో. ముందే చెప్పాలిగా మరి. లవంగం తెద్దామనుకున్నాను."

ఆ నవ్వు పుస్తకంలోంచి వచ్చింది. అమలాపురం బస్టాండులో కొన్న పుస్తకం. అట్ట మీద టై కట్టుకున్నాయన ఒకడు రెండు చేతులూ పైకెత్తి గాల్లో ఎగురుతుంటాడు. సోమవారం నవ్వుతూ బయల్దేరినవాడికి వారమంతా ఎదురుండదని అందులో రాశాడు. పని వచ్చేదాకా ఇంట్లో కూర్చోకూడదట. మనమే పనికి ఎదురెళ్ళాలట. వారానికొక కోరిక గట్టిగా పెట్టుకోవాలట.

దత్తసాయి కోరిక చిన్నదే. నాన్నగారికి మోకాళ్ళు పట్టేస్తే ఆయన పని తను అందుకుని ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో వీధిలో ఒక్కరంటే ఒక్కరు "లోపలికి రా, కూర్చో" అన్న పాపాన పోలేదు. దూరంనుంచి చూస్తూనే పక్క సందులోకి తిరిగిపోతారు. ఈ వారం ఒక్క ఇంట్లోనైనా ఆ మాట అనిపించుకోవాలి.

తప్పు తనదేనని అతని నమ్మకం. అసలే సిగ్గరి. నలుగురిలో నోరు పెగలదు. పైగా మొహం ఎప్పుడూ ఆముదం తాగినట్టుంటుంది. అలాంటి మొహాన్ని ఎవరు రమ్మంటారు? తనైతే తనని గేటు కూడా దాటనివ్వడు.

"మన పనికి నవ్వు నప్పదురా నాయనా," అంది ఉమాదేవి. "పిలిస్తే వెళ్ళాలి గానీ, మనం వెతుక్కుంటూ వెళ్ళేది కాదు."

"ఏ పనికైనా నప్పుతుందని రాసేడమ్మా."

"వాడికి మన పని తెలిసుండదులే."

దత్తసాయి సంచి భుజాన తగిలించుకుని వీధిలోకి నడిచాడు.

కొబ్బరికాయల వ్యాపారి చిన్నబ్బాయిగారు స్కూటరు బయటికి తీస్తున్నారు.

"నమస్కారమండీ! బేరానికేనా?" అన్నాడు దత్తసాయి, పళ్ళన్నీ కనిపించేలా.

చిన్నబ్బాయిగారు ఉన్నచోటే ఆగిపోయారు. "అబ్బే, పర్సు మర్చిపోయేనండి," అన్నారు. పర్సు చొక్కాజేబులోంచి తొంగిచూస్తూనే ఉంది.

ఎదుటివాళ్ళకి భరోసా ఇవ్వాలని పుస్తకంలో ఉంది. "మీరేం బెంగ పెట్టుకోకండి. ఎప్పుడు ఏ అవసరమొచ్చినా నేనున్నాను. చిన్న కబురు పెట్టండి, చాలు!"

చిన్నబ్బాయిగారు స్టాండైనా వెయ్యకుండా ఇంట్లోకి వెళ్ళిపోయారు. స్కూటరు పక్కకి ఒరిగిపోయింది. దత్తసాయే లేపి నిలబెట్టాడు.

పక్కింటి అరుగు మీద సత్యనారాయణమ్మగారు చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తొంభై దగ్గరపడిన మనిషి. వాకిట్లో కోడలు కనకదుర్గ ముగ్గు వేస్తోంది.

"మామ్మగారూ, ఒంట్లో ఎలా ఉందండీ?"

"నిక్షేపంలా ఉంది," అన్నారావిడ గట్టిగా. "బాలేదని నీకెవరు చెప్పేరు?"

"ఎవరూ చెప్పలేదండి. ఊరికే, మీరు గుర్తొచ్చి."

"నేనెందుకు గుర్తొచ్చేనురా!"

మిమ్మల్ని తలుచుకుంటున్నాం అంటే ఎవరైనా పొంగిపోతారని కూడా రాశాడు ఆ పుస్తకంలో. దత్తసాయి గొంతులో ప్రేమంతా పోశాడు. "రోజూ మీ గురించి అనుకుంటూనే ఉంటానండి."

సత్యనారాయణమ్మగారు కర్ర అక్కడే వదిలేసి, గబగబా లోపలికి నడిచిపోయారు. ఆవిడ కర్ర లేకుండా నడవగా చూసి ఆ వీధికి చాలా ఏళ్ళయింది.

"మా ఇంట్లో ప్రస్తుతానికి ఏ అవసరమూ లేదు బాబూ," అంది కనకదుర్గ. "వెళ్ళిరా" అనబోయి నాలిక కరుచుకుని, "వెళ్ళు" అని తలుపేసుకుంది.

ఆ తరవాత మిగతా తలుపులు కూడా వాటంతటవే మూసుకున్నాయి.

దత్తసాయి ఇంటికొచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. పుస్తకం అట్ట మరోసారి చూశాడు. ఆ టై ఆయన సంతోషంతో ఎగరడం లేదనీ, వెనకాల ఎవరో తరుముతుంటే గోడ దూకుతున్నాడనీ ఇప్పుడు అర్థమైంది. ఉమాదేవి వచ్చి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది.

మజ్జిగ సగం తాగాడో లేదో, మోటారుసైకిలు వచ్చి ఆగింది. నాగసతీష్. వీధి చివర మేడ ఉన్న రాజేంద్రప్రసాద్ గారి అబ్బాయి. ఏడాదిగా దత్తసాయిని చూస్తే చూపు తిప్పుకునే మనిషి.

"దత్తసాయిగారూ, మా నాన్నగారు మిమ్మల్ని వెంటనే తీసుకురమ్మన్నారండి."

గారూ! దత్తసాయి వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"నన్నేనా?"

"ఆయ్, మిమ్మల్నేనండి. బండెక్కండి."

మేడ గేటు రెండు తలుపులూ బార్లా తీసి ఉన్నాయి. వాకిట్లో నిలబడ్డవాళ్ళు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. చిన్నబ్బాయిగారు కూడా అక్కడే ఉన్నారు, ఈసారి పారిపోలేదు. రాజేంద్రప్రసాద్ గారు స్వయంగా మెట్లు దిగి ఎదురొచ్చి, రెండు చేతులూ పట్టుకున్నారు.

"రండి బాబూ, రండి. మీకోసమే చూస్తున్నాం. లోపలికి రండి, కూర్చోండి."

సోమవారం ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు. అప్పుడే కోరిక తీరింది! కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది, ఈసారి అద్దం అవసరం లేకుండానే.

ఆ నవ్వుని పళ్ళబిగువున అదిమిపట్టి, సావిట్లో దక్షిణానికి తలపెట్టి పడుకోబెట్టిన రాజేంద్రప్రసాద్ గారి తండ్రి శవం పక్కన కూర్చుని, సంచిలోంచి దర్భలు తీస్తూ దత్తసాయి అడిగాడు: "తలకొరివి పెట్టేది మీరేనాండీ?"