ఎర్తు గుంట

ఆరోగ్యమ్మ కరెంటు కొట్టి చనిపోయిన సోమవారం కూడా వంటింటి వెనక నేల ఇలాగే ఎండి బీటలు వారి ఉంది.

"ఇదిగో, రెండడుగులే." గడ్డపార దించి లోతు చూపించాడు కరెంటు మేస్త్రీ కాలేషా. "నాపరాయి తగిలిందని నిరుడు ఇక్కడే ఆపేశా. తడి లేని నేలలో ఎర్తు ఏం పని చేస్తది మాస్టారూ?"

ఆరోగ్యమ్మ భర్త రాజారత్నం గుంటలోకి తొంగి చూశాడు. ఆ రోజు ఆమె ఇస్త్రీ చేస్తూ వదిలేసిన చొక్కానే తొడుక్కున్నాడు. ఒక చెయ్యి సాపుగా ఉంది. రెండోది ముడతలు.

నిరుడు, ఎనభై అయిదు వేసవిలో, వంటింట్లో మూడు రంధ్రాల సాకెట్టు బిగించి, తీగ లాగి, ఈ గుంటలో ఉప్పూ బొగ్గులూ వేసి పూడ్చింది కాలేషానే. తీగ చాలక ముందు గదిలో పాత రెండు రంధ్రాల సాకెట్టు వదిలేశాడు.

"ప్లగ్గుకి ఈ లావు పిన్నుందే, కరెంటు లీకైతే దీంట్లోంచి భూమిలోకి పోద్దక్కా. ఇస్త్రీ వంటింట్లోనే చేసుకో, భయం లేదు" అని అప్పుడు చెప్పాడు.

ఆరోగ్యమ్మ పోయిన రోజు కూడా ఆ మాట తప్పలేదు. వంటింటి ఉక్క పడక రాజారత్నం మాత్రం అప్పుడప్పుడూ ముందు గదిలో ఫ్యాను కింద చేసుకునేవాడు.

గోడ మీంచి పక్కింటి నాగులమ్మ తొంగిచూసింది. "ఏందిరా, ఈ తవ్వేదేదో అప్పుడే తవ్వితే మా వదిన బతికుండేదిగా!"

"నిజమే పిన్నీ. ఇప్పుడన్నా తవ్వనీ."

"నీ తప్పు కాదు కాలేషా" అన్నాడు రాజారత్నం.

"మీరు మంచోళ్ళు గనక అట్టా అంటారు. గురజాలలో ఒక్కరూ పనికి పిలవట్లా. రాళ్ళ క్వారీకి పొమ్మంటంది మా ఇంటిది జరీనా. పోతా. ఈ గుంట ముగించి పోతా."

రాజారత్నం నోరు తెరిచాడు. గడ్డపార రాయి మీద ఖంగుమంది. నోరు మూసుకున్నాడు.

మూడో రోజు సాయంత్రానికి ఆరడుగులయింది. కాలేషా పైపు దించి ఉప్పు, బొగ్గు పొరలు పరిచాడు. ముందు గదికీ తీగ లాగి కొత్త సాకెట్టు బిగించాడు.

"రోజూ బిందెడు నీళ్ళు పొయ్యండి. ఆ ఇస్త్రీపెట్టె తెండి, పెట్టి చూస్తా."

"బావిలో పారేశాను."

"మంచి పని చేశారు." కాలేషా ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "ఒక్క మాట చెప్పండి మాస్టారూ. నా వల్లే గదా?"

"కాదు."

"మరి ఎవరి వల్ల?"

రాజారత్నం చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. లోపలి ఇత్తడి ముక్క వేళ్ళకు తగిలింది. చెయ్యి దించేశాడు.

కాలేషా లేచాడు. పనిముట్ల సంచి అరుగు మీద పెట్టి, "ఎవరికన్నా ఇయ్యండి" అని వెళ్ళిపోయాడు.

రాజారత్నం బిందెడు నీళ్ళు తెచ్చి గుంటలో పోశాడు.

ముందు గదిలోని పాత రెండు రంధ్రాల సాకెట్టులో పట్టడానికి ఇస్త్రీపెట్టె ప్లగ్గుకున్న ఆ లావు ఇత్తడి పిన్ను తానే కోసేశానని కాలేషాకు చెప్పలేదు.