ఎనిమిదో ఆకు

అడవి కుంట కట్టకు బుంగ పడింది. ముందుగా చూసింది తాబేలు. ఏనుగు వచ్చి ఒక్క బండ దొర్లిస్తే బుంగ మూసుకుపోతుంది. కానీ ఆకు మీద అర్జీ రాసివ్వనిదే ఏనుగు కాలు కదపదు.

తాబేలు అడవిలో అర్జీలు రాసే నెమలి దగ్గరికి పరుగెత్తింది. "తూర్పు వైపు మద్దిచెట్టు కింద బుంగ పడింది, వెంటనే ఒక బండ వేయాలి. ఇంతే రాయి తల్లీ!"

"ఇంత మొరటుగా రాస్తే ఎవరు చదువుతారు మామా? రాయడం నాకు నేర్పకు," అంది నెమలి.

మూడో రోజు ఏడు టేకాకులు ఏనుగుకు అందాయి. మొదటి ఆకులో ఏనుగు వంశం గొప్పతనం ఉంది. ఏనుగు దాన్ని రెండుసార్లు చదువుకుంది. తర్వాత కుంట పుట్టుక, వానలు, నెమలి ముత్తాతల నాట్యం. ఏడో ఆకు తిప్పుతుండగా కట్ట తెగింది.

బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి. తాబేలు కోపంగా వచ్చింది. "ఆకు లేకపోతే నీకు కళ్లు కనపడవా?" అని ఏనుగు మీద అరిచింది.

"ఆకుల్లోనూ లేదుగా! బండ ఎక్కడ వేయాలో నెమలి ఒక్క ముక్కైనా రాసిందా?" అంది ఏనుగు.

పక్కనే ఉన్న నెమలి మొహం ముడుచుకుంది. "అది ఎనిమిదో ఆకులో ఉంది. అంచులకు పూలు దిద్దాను, ఇంకా తడి ఆరలేదు."

తాబేలు ఒక చచ్చిన చేపను ఈడ్చుకొచ్చి నెమలి కాళ్ల దగ్గర పడేసింది.

"ఇది ఆరిపోయింది. చదివి వినిపించు."